యూనివర్సిటీ ఊరి ఓట్ల గురించి రాసేముందు

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. వచనం బాగా నడిచింది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని డేన్ కౌంటీని (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఎంచుకోవడం కూడా మంచి పనే. కానీ "విద్యార్థులే ఈ కౌంటీని డెమోక్రాట్ల వైపు తిప్పేశారు" అన్న చోట ఆగిపోయాను. లెక్క వేసి చూశావా?

2020లో అక్కడ ట్రంప్ మీద బైడెన్‌కు 1,81,000కు పైగా ఆధిక్యం వచ్చింది. రాష్ట్రం మొత్తం మీద ఆయన గెలిచిందేమో 20,682 ఓట్లతో. ఆ కౌంటీలోని మాడిసన్ నగరంలో ఉన్న విస్కాన్సిన్ యూనివర్సిటీ క్యాంపస్‌లో అప్పట్లో చదివేవాళ్లు 45 వేల చిల్లర. అందరూ ఓటేశారనుకున్నా, అందరూ ఒకే పార్టీకి వేశారనుకున్నా, ఆ ఆధిక్యంలో అది ఇంచుమించు నాలుగో వంతే. మిగతా ముప్పాతిక ఎవరిది? నీ వ్యాసం అక్కడ మొదలు కావాలి. ప్రొఫెసర్లు, యూనివర్సిటీ ఆసుపత్రి నర్సులు, ల్యాబుల్లో పనిచేసేవాళ్లు, డిగ్రీ అయ్యాక ఊరు వదలబుద్ధి కాక ఉండిపోయినవాళ్లు, పక్కనే వెరోనా ఊళ్లో ఉన్న, ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ చేసే ఎపిక్ కంపెనీకి ఉద్యోగానికొచ్చిన ఇంజనీర్లు. మాడిసన్ రాష్ట్ర రాజధాని కూడా కాబట్టి ప్రభుత్వోద్యోగుల్ని మరవకు. విద్యార్థి నాలుగేళ్లుండి వెళ్లిపోతాడు. వీళ్లు ఇల్లు కొనుక్కుని, పిల్లల్ని అక్కడి బళ్లలో వేసి, ఏళ్ల తరబడి ఓటేస్తారు. పైగా 1956 తర్వాత ఏ అధ్యక్ష ఎన్నికలోనూ డేన్ రిపబ్లికన్ల వైపు పోలేదు. ఇక "తిప్పేశారు" అన్న మాట ఎలా నిలుస్తుంది?

చదువున్న చోటల్లా ఒకే గాలి వీస్తుందని సూత్రం కట్టకు. మోర్మన్ చర్చి నడిపే బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఉన్న యూటా కౌంటీలోనూ, టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఉన్న బ్రాజోస్ కౌంటీలోనూ 2020లో గెలిచింది ట్రంపే. ఆ యూనివర్సిటీ ఎవరిని రప్పిస్తోంది, ఎవరిని నిలుపుకుంటోంది అన్నది చూడు.

ఓటు పెట్టె దాకా చేరడం కూడా తేలిక కాదని రాయి. ఈ సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. టెక్సస్‌లోని వాలర్ కౌంటీలో, ప్రెయిరీ వ్యూ అనే నల్లజాతి యూనివర్సిటీ విద్యార్థులు ఓటరుగా పేరు నమోదు చేయించుకోబోతే, ఇక్కడ ఆస్తి ఉందా, చదువయ్యాక ఇక్కడే ఉంటావా అని ప్రశ్నాపత్రం చేతిలో పెట్టేవారు. చదువుకునే ఊళ్లో ఓటేసే హక్కు వాళ్లకు ఉందని 1979లో సుప్రీంకోర్టు స్థాయిలో తేలింది. విస్కాన్సిన్‌లో పోలింగ్ రోజునే పేరు నమోదు చేసుకోవచ్చు. అయినా మాడిసన్ విద్యార్థుల మామూలు గుర్తింపు కార్డు చాలా ఏళ్లు బూత్‌లో చెల్లలేదు. ఓటు కోసం వేరే కార్డు తీసుకోవాల్సి వచ్చేది.

ఇంకొకటి, నువ్వు అసలు ముట్టుకోనిది. ఆ క్యాంపస్‌లలో మన తెలుగు పిల్లలెందరో ఉన్నారు. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు. కానీ పదేళ్లకోసారి జరిగే జనగణనలో వాళ్లు చదువుకునే ఊళ్లోనే లెక్కకొస్తారు. ప్రతినిధుల సభ సీట్లు పంచేది ఆ లెక్క మీదే. ఓటెయ్యకుండానే ఆ కౌంటీ బరువు పెంచుతున్నారు. తెలుగులో దీని గురించి నువ్వు రాయాలని నా కోరిక.

వార్డులవారీ ఫలితాలు తీసుకుని, హాస్టళ్లున్న వార్డుల్ని ఇళ్లున్న వార్డుల నుంచి విడదీసి చూడు. చూశాక మళ్లీ రాసి పంపు.