వాడు గీసిన ఆరు స్క్రీన్లు చూశాను

ప్రశ్న: మా అబ్బాయి నల్గొండలో బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. చదువు పక్కన పడేసి, స్నేహితులు పెట్టే ఫొటోలు చూసుకునే మొబైల్ యాప్‌కి స్క్రీన్లు గీస్తున్నాడు. అమీర్‌పేటలో మూడు నెలల యూఐ-యూఎక్స్ (యాప్ ఎలా కనిపించాలి, వాడటానికి ఎలా ఉండాలి అని రూపొందించే పని) కోర్సుకి 60 వేలు కట్టమంటున్నాడు. మా తోడల్లుడి కొడుకు ఫుల్‌స్టాక్ (యాప్ ముందూ వెనకా మొత్తం కోడ్ రాయడం) నేర్చుకుని సెటిలయ్యాడు. రెండింట్లో ఏది మంచిది? బొమ్మలు గీస్తే ఉద్యోగం వస్తుందా?

జవాబు: అయ్యా, ఇక్కడ కుదించి వేశాం గానీ, మీ పూర్తి ఉత్తరంలో జీతం ప్యాకేజీ మాట ఐదుసార్లు, తోడల్లుడి కొడుకు మూడుసార్లు వచ్చారు. మీవాడి స్క్రీన్లలో ఏముందో ఒక్క ముక్క లేదు. స్క్రీన్లు జతచేశారు కాబట్టి నేనే చూశాను.

ముందు లోపాలు. వరసకి మూడు చదరపు గళ్లు. అచ్చం ఇన్‌స్టాగ్రామ్ కాపీ. 2010లో ఆ యాప్ మొదలైనప్పుడు ఫొటో చదరంగానే ఉండాలన్నారు. 2015లో నిలువు, అడ్డం ఫొటోలకూ చోటిచ్చారు. 2025లో ప్రొఫైల్‌లోని గళ్లనే నిలువుగా మార్చారు. గడి ఆకారం మారిన ప్రతిసారీ ఎవరి ఫొటోలోనో ఏదో ఒక పక్క తెగుతుంది. మీవాడు అన్ని గళ్లలోనూ కొండల మీద సూర్యోదయాలు పెట్టాడు, అందంగానే ఉన్నాయి. నలభై మంది నిలబడ్డ పెళ్లి గ్రూప్ ఫొటో పెడితే చివర నిలబడ్డ బాబాయి గల్లంతు. గుండె గుర్తు బటన్ మరీ చిన్నది. వేలికి అందాలంటే సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని ఆండ్రాయిడ్ డిజైన్ సూచనలే చెబుతాయి.

కానీ నాలుగో స్క్రీన్ దగ్గర ఆగిపోయాను. ఫొటో కింద తెలుగులో రాసిన చోట వరసల మధ్య ఎడం పెంచి, పక్కనే "నానమ్మ ఫోన్‌లో ఒత్తులు తెగిపోతున్నాయి" అని రాసుకున్నాడు. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరసలు పేరిస్తే మన ఒత్తులకు కింద చోటు చాలదు. ఈ సంగతి చాలామంది పెద్ద డిజైనర్లకే తట్టదు. మీరు బొమ్మలంటున్నారు గానీ, ఈ పనిలో అసలు చదువు ఇదేనండి.

ఇక ఆ కోర్సు. నాకు అనుమానాలు చాలానే ఉన్నాయి. స్క్రీన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఫిగ్మా విద్యార్థులకు ఉచితం, నెల రోజులు కూర్చుంటే చేయి తిరుగుతుంది. 60 వేలు దేనికి? ఇలాంటి కోర్సులు చేసిన పిల్లల పోర్ట్‌ఫోలియోలు (చేసిన పనుల నమూనాలు) నా దగ్గరికి వస్తుంటాయి. ఒక ఫుడ్ డెలివరీ యాప్, ఒక ఫొటో యాప్. రంగులు తప్ప తేడా ఉండదు. పైగా ఇప్పుడు నాలుగు వాక్యాలు రాస్తే ఏఐ అలాంటి స్క్రీన్ క్షణాల్లో గీసిస్తోంది. మన కాలేజీలకు వచ్చే కంపెనీలు కూడా ఎక్కువగా కోడింగ్ ఉద్యోగాలకే వస్తాయి. స్క్రీన్ గీయడం మాత్రమే వచ్చినవాడికి ముందు ముందు కష్టమే. మీవాడికీ ఈ మాట చదివి వినిపించండి.

ఫుల్‌స్టాకా, డిజైనా అని అడిగారు. అంత గోడ లేదండి మధ్యలో. నెట్ నెమ్మదిగా ఉన్నప్పుడు ఫొటో వచ్చేలోపు ఏం చూపించాలి? 2015లో ఫేస్‌బుక్ ఇంజినీర్లు కవర్ ఫొటోను దాదాపు 200 బైట్లకు కుదించి, ముందు మసకగా కనిపించేలా చేశారు. అది డిజైనా, కోడా? అందుకే బీటెక్ వృథా కాదు, పూర్తి చేయనివ్వండి. ఈలోపు ఆ ఆరు స్క్రీన్లనూ ఫ్లట్టర్‌లో (మొబైల్ యాప్‌లు కట్టే కోడింగ్ సాధనం) నిజంగా పనిచేసే యాప్‌గా కట్టమనండి. డిజైన్ మీద మనసు అలాగే ఉంటే తర్వాత సీడ్ ప్రవేశ పరీక్ష రాసి ఎం.డిజైన్‌కి (డిజైన్‌లో పీజీ) వెళ్లొచ్చు, ఐఐటీ హైదరాబాద్‌లోనే ఉంది. రెండో ఏడాది కుర్రాడు ఇంత గమనిస్తున్నాడంటే దారి తప్పినట్టు కాదు. టెన్షన్ పడకండి.

డబ్బు మీ దగ్గరే ఉంచండి. యాప్ తయారయ్యాక వాడి ఫోన్ తీసుకుని అందులో మీ పెళ్లి ఫొటో వెతకండి. మీరు ఎక్కడ తికమకపడితే అక్కడ వాడు రాసుకుంటాడు. ఆ కాసేపైనా తోడల్లుడి కొడుకు ఊసెత్తకండి.