కషాయం కాచే ముందు: శారదకు నాయనమ్మ లేఖ

బొబ్బిలి,
ఆశ్వయుజ బహుళ పంచమి.

చిరంజీవి సౌభాగ్యవతి శారదకు నాయనమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరమూ క్షేమం.

ఈ ఏడు నీ తుమ్ములకూ బాబు జలుబుకూ మాత్రలు కట్టిపెట్టి ఇంటివైద్యమే చేయాలని నిశ్చయించుకున్నావని, వాము ఆకు, తులసి కుండీలు అప్పుడే బాల్కనీలోకి వచ్చేశాయని, రాత్రి నీతో ఫోనులో మాట్లాడి వచ్చి మీ నాన్న చెప్పాడు. నాతోనే పోతుందనుకున్న విద్యను నువ్వు అడిగి నేర్చుకుంటానన్నందుకు పొంగిపోయాను. బాబు ఇన్‌హేలర్‌ను కూడా అలమారలో పెట్టేశావని మీ నాన్న చివర అన్న మాటతో మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ముందు లేచి దానిని చేతికందే చోట పెట్టు. తక్కినది ఆ తరువాత చదువు.

మీ విశాఖలో ఈ తుమ్ములెందుకో నీకు తెలియనిది కాదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను చెట్లను కూల్చేశాక ఏడాకుల పాల మొక్కలను వీధుల వెంట విరివిగా నాటారు. అవి ఇప్పుడు నిండుగా పెరిగి, సరిగ్గా ఈ అక్టోబరు, నవంబరు నెలల్లోనే పూసి, చీకటి పడగానే ఘాటు వదులుతాయి. దానికి తోడు వానలకు ఖాళీ స్థలాలలో ఏపుగా పెరిగిన వయ్యారిభామ కలుపు ఉండనే ఉంది. అందుచేత సాయంత్రం కిటికీలు మూయి, బయటి నుంచి రాగానే ముఖం కడుక్కుని బట్టలు మార్చు.

ఇంటివైద్యంలో నేను మొదటి పీట వేసేది ఆకుకూ వేరుకూ కాదు, ఉప్పునీటికి. పావు లీటరు నీటిని తెర్లేలా మరిగించి, గోరువెచ్చగా చల్లార్చి, అయోడిన్ కలపని ఉప్పు అర టీ చెంచాకు కొంచెం తక్కువగా వేసి, ఒక ముక్కులో పోసి రెండవ ముక్కు నుంచి వదులు. పుప్పొడి కొట్టుకుపోతుంది. కొళాయి నీటిని మాత్రం మరిగించకుండా ముక్కులోకి పోనివ్వకు. అరుదే అయినా, ప్రాణం తీసే అమీబా ఆ దారినే మెదడుకు చేరుతుంది.

శొంఠి, మిరియాలు, తులసి కలిపిన కషాయం గొంతుకు హాయి, చేసుకో. తేనె బాబుకు ఇవ్వవచ్చు, వాడికి నాలుగేళ్లు కనుక. ఏడాది నిండని బిడ్డకు మాత్రం ఎవరు చెప్పినా నాకించకూడదు. అయితే ఊరి తేనె తింటే ఊరి పుప్పొడి పడుతుందనే మాటను నమ్మి డబ్బాలు కొనకు. మనకు తుమ్ములు తెప్పించే పుప్పొడిలో ఎక్కువ భాగం గాలికి ఎగిరేది, తేనెటీగ తెచ్చేది కాదు. అడ్డసరం దగ్గుకు మంచిదే గాని, రెండవ కాన్పు ఆలోచన ఉందని విన్నాను, కనుక దాని జోలికి పోకు. అతిమధురం మీ అత్తగారి రక్తపోటును పెంచుతుంది. చామంతి టీ అసలే వద్దు. చామంతి, వయ్యారిభామ ఒకే కుటుంబం మొక్కలు, ఒకటి పడనివారికి రెండవది కూడా పడకపోవచ్చు. కర్పూరం మూట పిల్లవాడి మెడలో కట్టడం మన ఇళ్లలో ముద్దుగా చేసే పని. ఒక పలుకు నోట్లో వేసుకున్నాడంటే మూర్ఛ వస్తుంది. మరిగే గిన్నె ముందు వాడిని కూర్చోబెట్టి ఆవిరి పట్టకు.

ఇక ఈ ఉత్తరం రాయించిన సంగతి. మీ నాన్నకు అప్పుడు ఏడేళ్లు. మేము పల్లెలో ఉండేవాళ్లం. ఆసుపత్రికి ఎడ్లబండి మీద గంటన్నర దారి. ఊళ్లోవాళ్లు పిల్లలను నా దగ్గరకు తెచ్చేవారు కనుక నా హస్తవాసి మీద నాకు కొండంత నమ్మకం. ఆ కార్తీకంలో వాడికి తుమ్ములు తగ్గాయి గాని దగ్గు తగ్గలేదు. ఒక రాత్రి వాడి ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు వినిపించాయి. కఫం కరగాలని కుంపటి తెచ్చి, నిప్పుల మీద సాంబ్రాణి, వేపాకు, ఎండు వావిలాకు వేశాను. పొగ బయటికి పోతే గుణం పోతుందని తలుపు వేసి, కిటికీ సందుల్లో పాత గుడ్డలు కుక్కాను. వాడు పడుకోలేక లేచి కూర్చుని, చేతులు మోకాళ్ల మీద ఆనించి ముందుకు వంగాడు. ఊపిరి తీసినప్పుడల్లా గొంతు కింది గుంట లోపలికి పోతోంది, డొక్కలు ఎగరేస్తున్నాడు. అది కళ్లారా చూస్తూనే, కఫం కదులుతోంది కాబోలని ఇంకొక గుప్పెడు సాంబ్రాణి వేశాను. "అమ్మా, తలుపు" అన్నాడు. మూడవ మాటకు వాడికి ఊపిరి చాలలేదు.

పొలం నుంచి వచ్చిన మీ తాతయ్య తలుపు తోసి, నన్ను ఒక్క మాటైనా అనకుండా వాడిని భుజాన వేసుకుని బండి కట్టారు. దారి పొడుగునా వాడి వీపు నా చేతి కింద కొలిమితిత్తిలా లేచి పడుతూనే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు గారు ఇంజెక్షన్ చేసి, వాడి చొక్కా వాసన చూసి, "ఎంతసేపు పొగలో ఉంచారమ్మా?" అని మాత్రం అడిగారు. రెండు గంటలని చెప్పడానికి నోరు రాక, కాసేపేనని అబద్ధమాడాను. ఈ సంగతి మీ నాన్నకు ఈనాటికీ తెలియదు. ఉత్తరం అంటించి వాడి చేతికే ఇస్తున్నాను. ఒకరి ఉత్తరం విప్పి చదివే బుద్ధి వాడికి లేదు.

తుమ్ములంటే ముక్కు లోపలి పొర వాచడం. పిల్లికూతలంటే ఊపిరితిత్తులలోని సన్నని గొట్టాలు బిగుసుకుపోవడం. పొగ దేవుడి దగ్గరిదైనా దోమల చుట్టదైనా వాటిని ఇంకా బిగిస్తుంది. కడుపులోకి పోయిన కషాయం ఆ బిగువును అప్పటికప్పుడు విప్పలేదు. డాక్టరు ఇచ్చిన ఇన్‌హేలర్ విప్పుతుంది. రోజూ పీల్చమన్నది ఉంటే, పిల్లవాడు బాగున్నాడు కదా అని నీ అంతట నువ్వు మానిపించకు. నీ మాత్ర సంగతి నువ్వూ డాక్టరూ తేల్చుకోండి, నాకు పట్టింపు లేదు. బాబు మాత్రం డొక్కలు ఎగరేసినా, మాట పూర్తి చేయలేకపోయినా, పెదవులు నీలంగా కనబడినా, ఇన్‌హేలర్ పీల్పిస్తూనే ఆసుపత్రికి బయలుదేరు. అప్పుడు నాకు ఫోను చేసి ఏ ఆకు నూరాలని అడిగితే నేను తిడతాను.

పది రోజుల్లో దీపావళి. బాబుకు దీపాలు చూపించు; మతాబుల దగ్గరకు మాత్రం, ఎంత ఏడ్చినా, తీసుకుపోకు. ఏడిస్తే ఎత్తుకో. నువ్వు కూడా చిన్నప్పుడు నా చంక దిగకుండా అలాగే ఏడ్చేదానివి.

మీ నాన్న తెచ్చే సంచిలో శొంఠి, మిరియాలు, నీకు ఆవిరి పట్టుకోవడానికి వావిలాకు ఉన్నాయి. సాంబ్రాణి పెట్టలేదు. బస్సులో ఆ సంచిని ఒళ్లో పెట్టుకోవద్దని వాడికి ఫోను చేసి చెప్పు, నేను చెబితే వినడు. వావిలాకు నలిగితే వాడికి ఇప్పటికీ తుమ్ములు వస్తాయి.

ఇట్లు,
మీ నాయనమ్మ