జోధ్‌పూర్, జైసల్మేర్, బికనేర్ కారులో: ఎనిమిది రోజులు, వెంట అమ్మానాన్న

మీరు అడిగింది ఇది: డిసెంబర్‌లో ఎనిమిది రోజుల సెలవు ఉంది, హైదరాబాద్ నుంచి అమ్మానాన్నలను తీసుకెళ్ళి రాజస్థాన్ ఎడారి కోటలు కారులో తిరిగి చూడాలి, జైపూర్, ఉదయ్‌పూర్ కూడా కలపొచ్చా, పెద్దవాళ్ళు కోటలు ఎక్కగలరా అని. రెండేళ్ళ కిందట ఇదే నెలలో, ఇన్ని రోజులకే, మా అమ్మనూ నాయననూ తీసుకుని నేను వెళ్ళొచ్చాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

జైపూర్, ఉదయ్‌పూర్ ఈసారికి వదిలేయండి. రెండూ మంచి ఊళ్ళే. కానీ జోధ్‌పూర్ నుంచి ఉదయ్‌పూర్ దాదాపు 250 కిలోమీటర్లు, జైపూర్ 300 పైనే. వాటినీ కలిపితే సెలవులో సగం కారు సీట్లోనే అయిపోతుంది. మేం జోధ్‌పూర్‌లో రెండు రాత్రులు, జైసల్మేర్‌లో మూడు, ఫలోదీలో ఒకటి, బికనేర్‌లో ఒకటి ఉన్నాం. ఎనిమిదో రోజు నాగౌర్ మీదుగా మళ్ళీ జోధ్‌పూర్ చేరాం. చుట్టుపక్కలవి కూడా కలుపుకుంటే వెయ్యి కిలోమీటర్లు దాటింది. ఇప్పుడు కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి నేరుగా రైలు కూడా ఉంది. విమానమైనా, రైలైనా జోధ్‌పూర్‌లో దిగి అక్కడే కారు మాట్లాడుకోవడం మేలు.

ఇక ఏం చూడాలి అన్నదానికి ముందు మా సంగతి కొంచెం చెప్పాలి. మాది అనంతపురం జిల్లా. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడేది మా జిల్లాలోనేనని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాం. నాయన వేరుశనగ రైతు. ఆయనకు రాజులూ కోటలూ పెద్దగా పట్టవు. "ఆ జైసల్మేర్‌లో మనుషులు ఎట్లా బతుకుతాండారో చూడాల" అన్నది ఒక్కటే ఆయన కోరిక. మాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా పడుతుంది. జైసల్మేర్‌కు అందులో సగం కూడా పడదు. అందుకే ఏ కోటలో అడుగు పెట్టినా ఆయన అడిగే మొదటి ప్రశ్న "నీళ్ళు యాడివి?" అనే. మొదట్లో గైడ్లు తికమకపడ్డారు. రెండో రోజుకు నాకు అర్థమైంది, అక్కడ అడగాల్సిన ప్రశ్న అదేనని. మీరూ ఆ ప్రశ్న పట్టుకునే తిరగండి. ఒక్కో కోట ఒక్కోలా కనిపిస్తుంది.

జోధ్‌పూర్‌లో మెహ్రాన్‌గఢ్ కోటకు రావ్ జోధా 1459లో పునాది వేశాడు. అప్పటికి ఆ కొండ మీద ఒక సాధువు ఉండేవాడట. ఆయన్ని లేపి పంపేసరికి కోపం వచ్చి, నీ కోటకు ఎప్పుడూ నీటి కరువే ఉంటుందని శపించాడని కథ. శాపం సంగతి ఎలా ఉన్నా, కోట కింద రాణీసర్, పదమ్‌సర్ అని రెండు చెరువులు కనిపిస్తాయి. రాతి గుట్ట మీద పడ్డ ప్రతి చినుకూ వాటిలోకి చేరేలా కాలవలు తీశారు. కోట గోడ మీద నుంచి అందరూ నీలం ఇళ్ళ వైపే ఫోటోలు తీసుకుంటారు. మీరు ఒకసారి చెరువుల వైపు కూడా వంగి చూడండి.

పెద్దవాళ్ళ గురించి బెంగ వద్దు. మెహ్రాన్‌గఢ్‌లో పైదాకా లిఫ్ట్ ఉంది, విడిగా టికెట్ తీసుకోవాలి. అయితే వెళ్ళేటప్పుడు లిఫ్ట్‌లో వెళ్ళి, దిగేటప్పుడు మాత్రం వాలు దారిలో మెల్లగా నడిచి రమ్మనండి. లేకపోతే ద్వారాలు చూడలేరు. ఏనుగులు తలతో కుమ్మకుండా తలుపులకు ఇనుప ముళ్ళు దిగ్గొట్టారు. పరుగున వచ్చి ఢీకొట్టే వీలు లేకుండా దారి ఒక్కసారిగా మలుపు తిరుగుతుంది. లోహా పోల్ అనే ద్వారం పక్కన గోడ మీద చిన్న చిన్న అరచేతి గుర్తులు వరుసగా ఉంటాయి. 1843లో మాన్‌సింగ్ మహారాజు చనిపోతే చితి మీదికి వెళ్ళిన ఆయన రాణులవి అవి. సిందూరం పూసి, వెండి రేకు అంటించి ఉన్నాయి. మా అమ్మ తన అరచేయి దగ్గరగా పెట్టి చూసుకుని, "చిన్నపిల్లల చేతులే ఇవి" అని చాలాసేపు అక్కడి నుంచి కదల్లేదు. ఆ రోజు మ్యూజియంలో పల్లకీలు, కత్తులు చూసింది గానీ ఆమె మనసంతా ఆ గోడ దగ్గరే ఉండిపోయింది.

సాయంత్రం ఊళ్ళో తూర్‌జీ కా ఝాల్‌రాకు వెళ్ళండి. 18వ శతాబ్దపు మెట్లబావి. చాలా కాలం పూడిపోయి ఉంటే ఈమధ్యే శుభ్రం చేసి బాగు చేశారు. మెట్ల మీద ఊరికే కూర్చోవచ్చు, టికెట్ లేదు.

జోధ్‌పూర్ నుంచి పాతిక కిలోమీటర్ల దూరంలో ఖేజర్లీ అనే ఊరు ఉంది. టూర్ ప్యాకేజీల్లో సాధారణంగా ఉండదు. మీరు తప్పకుండా వెళ్ళండి. 1730లో రాజుగారి కట్టడానికి సున్నం కాల్చేందుకు కట్టెల కోసం మనుషులు వచ్చి చెట్లు కొట్టబోతే, అమృతాదేవి అనే బిష్ణోయి సమాజపు మహిళ చెట్టును వాటేసుకుని ప్రాణం ఇచ్చింది. ఆమె వెనకే మొత్తం 363 మంది. ఆ చెట్టు ఖేజ్రీ. అక్కడికి వెళ్ళి ఆకును దగ్గరగా చూసేదాకా నాకూ తెలియదు, ఖేజ్రీ అంటే మన జమ్మి చెట్టే! దసరాకి మనం ఆకు తెంచి పెద్దల చేతిలో పెట్టి దండం పెట్టుకునే జమ్మి. తెలంగాణకూ రాజస్థాన్‌కూ రాష్ట్ర వృక్షం ఒకటే.

ఆ మధ్యాహ్నం రోడ్డు పక్క ఢాబాలో సజ్జరొట్టె, వెల్లుల్లి కారం, కేర్ సాంగ్రీ కూర పెట్టారు. కేర్ అంటే గుండ్రటి చిన్న కాయలు, సాంగ్రీ అంటే జమ్మి కాయలు. పచ్చివి కోసి ఎండబెట్టి ఏడాదంతా దాచుకుంటారు. నాయన వంటాయన దగ్గర ఎండు సాంగ్రీ ఒక గుప్పెడు అడిగి తీసుకున్నాడు. ఒకటి విరిచి వాసన చూసి, "కరువొచ్చినా ఈ చెట్టు కాస్తాదంట, అందుకే పానాలిచ్చినారు" అన్నాడు. మిగిలినవి ఇప్పటికీ మా ఇంట్లో డబ్బాలో ఉన్నాయి.

జోధ్‌పూర్ నుంచి జైసల్మేర్ 280 కిలోమీటర్లు, ఐదు గంటలు. రోడ్డు చాలా బాగుంటుంది. దారిలో పోకరణ్‌లో చిన్న కోట ఉంది, గంట చాలు. 1974, 1998 అణుపరీక్షలు జరిగింది ఆ ప్రాంతంలోనే. ఆ చోటికి మనల్ని పోనివ్వరు. పోకరణ్ దాటాక ఇళ్ళు పలచబడతాయి, గాలిమరలు మొదలవుతాయి, చివరికి దూరంగా పసుపు రంగు కోట నేలలో నుంచే మొలిచినట్టు కనిపిస్తుంది.

జైసల్మేర్‌కు మూడు రాత్రులు ఇవ్వమన్నది ఊరికే కాదు. రావల్ జైసల్ 1156లో కట్టించిన ఈ కోటలో ఇప్పటికీ కొన్ని వేల మంది కాపురం ఉంటున్నారు. లోపల స్కూలు పిల్లలు, కూరగాయల బండి, గుమ్మం మీద పెళ్ళి తేదీతో సహా రంగుల్లో రాసిన వినాయకుడి బొమ్మలు. పొద్దున ఏడు గంటలకు వెళ్ళండి. పది తర్వాత సందుల్లో నడవడం కష్టం. జైన దేవాలయాల శిల్పాలు తీరిగ్గా చూడాల్సినవి. కింద ఊళ్ళో పట్వాల హవేలీ ఒకటి చూసినా చాలు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. కోట లోపల హోటల్ తీసుకోకండి. కోట కింద ఉన్నది మెత్తటి నేల. వందల ఏళ్ళు కావిళ్ళతో, బిందెలతో మోసుకున్న నీళ్ళతో బతికిన కోట అది. కుళాయిలు వచ్చాక, హోటళ్ళు పెరిగాక, వాడిన నీళ్ళు కిందికి ఇంకి కొండ మెత్తబడింది. కొన్ని బురుజులు కూలాయి కూడా. 2013లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరిన కోట. నీళ్ళు లేక కాదు, నీళ్ళు ఎక్కువై దెబ్బతింటోంది. ఆ మాట గైడ్ చెప్పినప్పుడు నాయన ముఖం చూడాల్సింది. బోర్లు వేసి వేసి ఎండిపోయిన ఊరి మనిషికి అది మింగుడుపడలేదు. కోట బయట, కోట కనిపించే మేడ ఉన్న హోటళ్ళు బోలెడు ఉన్నాయి. అక్కడ దిగండి.

గడీసర్ చెరువుకు తెల్లవారుజామున వెళ్ళండి. కుళాయిలు రాకముందు ఊరంతటికీ తాగునీళ్ళు అవే. గట్టు మీద పెద్ద ద్వారం ఒకటి ఉంటుంది. తీలోన్ అనే వేశ్య కట్టించిందట. ఆమె కట్టిన ద్వారం కింద నుంచి రాజు ఎలా నడుస్తాడని కూల్చబోతే, పైన కృష్ణుడి గుడి పెట్టించి కూల్చకుండా చేసిందని చెప్తారు.

ఊరికి పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో కుల్‌ధరా. పాలీవాల్ బ్రాహ్మణులు 19వ శతాబ్దంలో వదిలేసి వెళ్ళిన ఊరు. దాన్ని దెయ్యాల ఊరని అమ్ముతున్నారు, ఆ మాటలు నమ్మకండి. పాలీవాల్‌లు గొప్ప రైతులు. వాన నీటిని ఆపి పంట పండించే ఖడీన్‌లు అని వాళ్ళు కట్టినవి ఆ చుట్టుపక్కల ఇంకా సాగులో ఉన్నాయి. డ్రైవర్‌ని అడిగితే ఒకటి చూపిస్తాడు. రాతి నేల మీద పడ్డ వాన పల్లానికి జారి వచ్చే చోట పొడుగ్గా మట్టికట్ట వేస్తారు. నీళ్ళు నిలిచి, ఇంకిపోయాక, ఆ తడి మీదే గోధుమ, శనగ చల్లుతారు. మళ్ళీ ఒక్క చుక్క నీళ్ళు పెట్టరు. మేం వెళ్ళినప్పుడు శనగ మోకాలి కిందిదాకా ఉంది. నాయన చెప్పులు విప్పి చేనులోకి దిగి, మట్టి పిడికిట్లోకి తీసుకుని నొక్కాడు. వదిలితే ముద్ద విడిపోలేదు. "డిసెంబర్‌లో, ఈ ఎడారిలో, ఈ పదును చూడు పాపా" అన్నాడు. ఆ మట్టికట్ట మీద గంటసేపు కూర్చున్నాం. ఆ టూరులో నాకు అన్నిటికన్నా గుర్తున్నది ఆ గంటే.

ఇసుక దిబ్బల దగ్గర మాకు చేదు అనుభవం ఎదురైంది. సమ్ అనే ఊరి దగ్గర ఆన్‌లైన్‌లో ఫోటోలు చూసి గుడారం బుక్ చేశాం. వెళ్తే చుట్టూ పది క్యాంపులు, ప్రతి దాంట్లో డీజే. కప్పుకోవడానికి పలచటి రగ్గులు. అమ్మకు తలనొప్పి ఎక్కువైపోతే రాత్రి పది గంటలకు జైసల్మేర్‌కు తిరుగుముఖం పట్టాం. దారిలో హెడ్‌లైట్ల వెలుగులో అకస్మాత్తుగా ఒక ఒంటె, రోడ్డుకు అడ్డంగా. రెండు అడుగుల దూరంలో కారు ఆగింది. ఇంటికి వచ్చాక కూడా ఆ టెన్షన్ చాలా రోజులు పోలేదు. కాబట్టి ఆ రోడ్ల మీద చీకటి పడ్డాక ప్రయాణం పెట్టుకోవద్దు. దిబ్బల దగ్గర రాత్రి ఉండాలనుకుంటే ఖూరీ వైపు చిన్న ఇంటి బసలు ఉన్నాయి. బుక్ చేసేముందు ఫోన్ చేసి డీజే ఉందా, రజాయిలు ఇస్తారా అని అడగండి. రాత్రి చలి బాగా ముదురుతుంది. స్వెటర్‌తో పాటు మంకీ క్యాప్ కూడా పెట్టుకోండి.

తనోట్ మాత గుడి జైసల్మేర్ నుంచి 120 కిలోమీటర్లు. అటువైపే 1971 పాకిస్తాన్ యుద్ధంలో పోరు జరిగిన లోంగేవాలా. ఒక పూర్తి రోజు పడుతుంది. మీ నాన్నగారికి సైన్యం అంటే ఇష్టమైతే వెళ్ళండి, లేకపోతే ఆ రోజు ఊళ్ళోనే ఉండండి. అటు వెళ్తే నెట్‌వర్క్ సరిగ్గా ఉండదు, ఆధార్ దగ్గర పెట్టుకోండి.

ఫలోదీలో రాత్రి ఎందుకంటే, పక్కనే ఖీచన్ ఉంది. శీతాకాలం కుర్జా కొంగలు వేల సంఖ్యలో అక్కడికి వలస వస్తాయి. ఊరివాళ్ళు పొద్దున్నే గింజలు చల్లుతారు. 2016 మేలో దేశంలోకెల్లా ఎక్కువ ఉష్ణోగ్రత, 51 డిగ్రీలు, నమోదైంది ఈ ఫలోదీలోనే. అలాంటి చోట, వణికించే చలిలో నిలబడి ఆ పిట్టల అరుపులు వినడం మాటల్లో చెప్పలేను. ఎండాకాలం టూరు ఎందుకు వద్దో కూడా ఆ అంకెతోనే తెలుస్తుంది.

బికనేర్‌లో జూనాగఢ్ కోట కొండ మీద లేదు, సమతలం మీదే కట్టారు. పెద్దవాళ్ళకు సులువే, లోపలి ఇరుకు మెట్ల దగ్గర మాత్రం చేయి పట్టుకోండి. వాన కోసం మొహం వాచిన ఆ రాజులు బాదల్ మహల్ గోడలనిండా మబ్బులు గీయించుకున్నారు. బంగారు పనితో మెరిసే అనూప్ మహల్ పేరు రాజా అనూప్‌సింగ్‌ది. ఈయన ఔరంగజేబు తరఫున దక్కన్‌లో పనిచేసి, 1698లో మన ఆదోనిలో చనిపోయాడు. దక్కన్‌లో దొరికిన సంస్కృత గ్రంథాలు, దేవతా విగ్రహాలు జాగ్రత్త చేసి బికనేర్ చేర్చాడు. మా అమ్మ పుట్టిల్లు ఆదోని దగ్గరే. గైడ్ ఆ ఊరి పేరు పలకగానే ఆమె నన్ను గట్టిగా గిల్లింది.

తిరుగుదారిలో నాగౌర్ కోట దాటిపోకండి. బికనేర్, జోధ్‌పూర్‌లకు దాదాపు మధ్యలో ఉంది, జనం తక్కువ. పాత నీటి కాలవలు, తొట్లు, స్నానపు గదులు బాగు చేసినందుకు 2002లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. నాయన ప్రశ్నకు అన్నిటికన్నా వివరంగా జవాబు దొరికింది ఇక్కడే.

కారు మాట్లాడుకునేటప్పుడు రోజుకు ఎన్ని కిలోమీటర్లు, డ్రైవర్ బత్తా ఎంత, టోల్ ఎవరిది అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. మాకు నోటిమాట మీద నమ్మి చివర్లో గొడవైంది. మీ అమ్మగారికి మోకాళ్ళ ఇబ్బంది ఏమైనా ఉంటే ఇక్కడే రాయండి, జైసల్మేర్ కోటలో ఏ చోట్లు చూసి ఏవి వదిలేయొచ్చో విడిగా చెప్తాను.