వెయ్యి రూపాయల అప్పీలుకు 14 లక్షల అప్పు ఎందుకు?

ప్రశ్న: బావమరిది కంపెనీలో 50 వేల షేర్లు ముఖ విలువ 10 రూపాయలకే తీసుకున్నాను. ఒక్కో షేరు 74 రూపాయలు చేస్తుందని ఆదాయపన్ను అధికారి లెక్కకట్టి, తేడా 32 లక్షలు నా ఆదాయంలో కలిపారు. వడ్డీతో కలిపి 14 లక్షలకు డిమాండ్ నోటీసు వచ్చింది. డబ్బు కట్టాకే అప్పీలు వేయాలనుకుని ఆగాను, ఐదు నెలలైంది. నాలుగు లక్షల ఎఫ్‌డీ తప్ప ఇంట్లో వేరే డబ్బు లేదు. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టేయనా?

జవాబు: వద్దు. ఆ అప్పు జోలికి అసలు వెళ్లకండి. 14 లక్షలకు నెలకు 28 వేల వడ్డీ కడతారు. పన్ను బాకీ మీద ఆ శాఖ వేసే వడ్డీ నెలకు ఒక శాతమే.

మీలాగే చాలామంది పొరబడుతున్నారు కాబట్టే ఈ ఉత్తరం ఎంచుకున్నాను. మీరు రిటర్నులో చూపిన ఆదాయంపై పన్ను కట్టేసి ఉంటే చాలు, వివాదంలో ఉన్న పన్ను కట్టకుండానే మొదటి అప్పీలు వేయొచ్చు. మీ కేసులో ఫీజు 1,000 రూపాయలు. గడువు మాత్రం నోటీసు అందిన నాటి నుంచి 30 రోజులే. అది దాటింది కాబట్టి అప్పీలుతో పాటు ఆలస్యాన్ని మన్నించమనే దరఖాస్తు, ప్రమాణ పత్రం పెట్టాలి. నోటీసు ఎప్పుడు చూశారు, ఎవరిని సంప్రదించారు, ఎందుకు ఆగారు, అన్నీ తేదీలతో, ఆధారాలతో రాయండి. జరిగింది జరిగినట్టే చెప్పండి. మన్నించాలా వద్దా అన్నది అప్పీలు అధికారి చేతిలో ఉంది, ఇక మీదట పోయే ప్రతి రోజుకూ సంజాయిషీ ఇచ్చుకోవాలి. ఈ వారంలోనే వేయండి.

విలువ లెక్క మీ సీఏతో మళ్లీ చూడండి. కంపెనీకి స్థలం ఉంటే పుస్తకాల్లో విలువ కాదు, రిజిస్ట్రేషన్ విలువ తీసుకుంటారు. 74 అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. ఏ తేదీ బ్యాలెన్స్ షీట్ వాడారో, అప్పులన్నీ తీసేశారో లేదో చూడాలి.

అప్పీలు పెండింగ్‌లో ఉంటే మామూలుగా 20 శాతం, అంటే 2.8 లక్షలు కడితే మిగతా వసూలుకు స్టే ఇస్తారు. వాయిదాలు అడగండి. తక్కువ పడితే బ్యాంకులో గోల్డ్ లోన్ తీసుకోవచ్చు.

ఇక నా అసలు బాధ. నాలుగు లక్షల ఎఫ్‌డీ తప్ప ఇంట్లో వేరే డబ్బు లేదన్నారు. అది మీ పిల్లల ఫీజులకు, ఆసుపత్రికి ఉన్న ఒకే ఆధారం. టెన్షన్‌లో దాన్ని విరగ్గొట్టకండి. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా ఉండి ఉంటే నోటీసు చూసి ఐదు నెలలు భయంతో గడిచేవి కావు, మర్నాడే సీఏ దగ్గరికి వెళ్లేవారు. స్టే వచ్చిన నెల నుంచే, ఎంత కొంచెమైనా సరే, ఆ నిధికి జమ చేయడం మొదలుపెట్టండి. బావమరిది కంపెనీలో మాత్రం ఇంకో రూపాయి పెట్టకండి.