వదిన ఆపరేషన్ గురించి

చిట్టీ,

వదినకు గర్భసంచి లోపలి పొరలో క్యాన్సర్ అని బయాప్సీలో తేలిందని, 74 ఏళ్లకు గర్భసంచి తీసే ఆపరేషన్ ఎందుకని అన్నయ్య అంటున్నాడని రాశావు. వాడి భయం నాకు తెలుసు. అయినా ఆడవాళ్ల వార్డులో ఏళ్ల తరబడి సిస్టర్‌గా చేసినదాన్ని, గట్టిగానే చెబుతున్నాను. ఒక్క వయసు చూసి వద్దనుకోకండి.

ఈ జబ్బు ఎక్కువగా ముట్లు ఆగిపోయాకే వస్తుంది. వయసు పైబడ్డవాళ్లలో మొండి రకం కావడానికి, గర్భసంచి కండలోకి లోతుగా దిగడానికి అవకాశం ఎక్కువ. అందుకే 60 దాటితే డాక్టర్లు దాన్నే ఒక రిస్కుగా లెక్కేస్తారు. అలాంటిది పెద్దవాళ్లకే వైద్యం తగ్గించి చేస్తుంటారు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉండేది.

కీహోల్ పద్ధతిలో, అంటే పొట్ట పెద్దగా కోయకుండా చిన్న రంధ్రాల్లోంచి కెమెరా పెట్టి చేయడం, కుదురుతుందా అని ముందే అడుగు. అమెరికాలో 2,600 మందికి పైగా ఆడవాళ్లతో చేసిన ల్యాప్-2 అధ్యయనంలో, పొట్ట కోసి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో 21 శాతం మందికి ఆ తర్వాత చెప్పుకోదగ్గ ఇబ్బందులు వస్తే, కీహోల్‌లో 14 శాతం మందికే వచ్చాయి. ఐదేళ్లకు బతికున్నవాళ్లు రెండు పద్ధతుల్లోనూ దాదాపు 90 శాతం. కాకపోతే కీహోల్‌తో మొదలుపెట్టిన నలుగురిలో ఒకరికి మధ్యలో పొట్ట కోయాల్సి వచ్చింది. వయసు, బరువు పెరిగేకొద్దీ అది ఎక్కువ. కాబట్టి ఆ సర్జన్‌కు ఇందులో ఎంత అనుభవం ఉందో మొహమాటపడకుండా కనుక్కో.

కీహోల్ ఆపరేషన్‌లో పొట్టలో గ్యాస్ నింపి, తలవైపు కిందికి వాలుస్తారు. గుండె, ఊపిరితిత్తులు తట్టుకోవాలి. అందుకే మత్తు డాక్టరును ముందుగానే కలవండి. మెట్లెక్కితే ఆయాసం వస్తుందా, ఈమధ్య ఎప్పుడైనా పడిపోయిందా, తన పనులు తను చేసుకుంటోందా, మతిమరుపు ఉందా, ఇవన్నీ దాచకుండా చెప్పు. బీపీ, షుగర్ మాత్రల చీటీలు తీసుకెళ్లు. ఈలోగా రోజూ నడిపించు, గుడ్డు, పప్పు, పెరుగు బాగా పెట్టు.

ఆపరేషన్ అయ్యాక రాత్రిపూట ఆవిడ ఏదేదో మాట్లాడితే కంగారుపడకు, కానీ వెంటనే సిస్టర్‌కు చెప్పు. పెద్దవాళ్లలో ఇది మామూలే, చాలామందికి తగ్గిపోతుంది. కళ్లద్దాలు, చెవి మిషన్ దగ్గరే ఉంచు. తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. వీలైనంత త్వరగా లేపి నడిపించాలి, లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రక్తం పలచబడే ఇంజెక్షన్లు ఇంటికొచ్చాక కూడా రాస్తే మానకండి. ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు.

ఒంట్లో సత్తువ లేదని డాక్టర్లు తేల్చినా దారులున్నాయి. కొందరికి పొట్ట కోయకుండా కింది నుంచే, యోని మార్గంలో, గర్భసంచి తీస్తారు, కొందరికి రేడియేషన్, కొందరికి హార్మోన్ మందులు ఇస్తారు.

ఇంతకీ వదినకు జబ్బు పేరు చెప్పారా? నీ ఉత్తరంలో అందరి మాటా ఉంది గానీ ఆవిడ మాట లేదు. డాక్టరు దగ్గర ఆవిడను బయట బెంచీ మీద కూర్చోబెట్టకండి. లోపలికి తీసుకెళ్లండి, ఏం కావాలో ఆవిడనే చెప్పనివ్వండి. రిపోర్టులు నాకు వాట్సాప్‌లో పంపు. ఆపరేషన్ తేదీ ఇస్తే చెప్పు, రాత్రిళ్లు నేను ఉంటాను.

మీ అత్తయ్య