నెల లెక్క పక్కన పెట్టండి, మజిలీ లెక్క రాయండి

ప్రశ్న: మాది విజయవాడ. నేనూ మా వారూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు ఏడు నెలలు విరామం ఇచ్చి యూరప్ తిరుగుతున్నాం. విమాన టికెట్లు కాకుండా 210 రోజులకు 21 లక్షలు పెట్టుకున్నాం. యూరోకు 100 రూపాయల చొప్పున 21,000 యూరోలు, అంటే నెలకు 3,000. లిస్బన్‌లో 30 రాత్రులు, స్పెయిన్‌లో అయిదు ఊళ్లలో కలిపి 20 రాత్రులు ఉన్నాం. బుడాపెస్ట్‌లో 34 రాత్రులు పూర్తవుతున్నాయి. మొదటి నెల 4,100 యూరోలు, రెండో నెల 2,050, మూడో నెల ముగియడానికి ఆరు రోజులు ఉండగానే 3,600 అయ్యాయి. ప్రతి కాఫీ నేనే యాప్‌లో రాస్తున్నాను, అయినా ఎక్కడ తప్పుతోందో అర్థం కావడం లేదు. టెన్షన్‌తో చిరుతిళ్లు కూడా మానేశాం. అల్బేనియాలో 40 రాత్రులకు అద్దె ముందే కట్టాం. ఆ తర్వాత ఇటలీలో మూడు వారాలకు గదులు బుక్ చేశాం. వెనక్కి వచ్చేయమంటారా?

జవాబు: రావద్దు. మీరు పంపిన లెక్కలన్నీ కూర్చుని చూశాను. మీరు బడ్జెట్ దాటలేదు, హద్దుకు ఇంకా 228 యూరోలు లోపే ఉన్నారు. తప్పు మీ ఖర్చులో లేదు, దాన్ని నెలల్లో కొలవడంలో ఉంది.

ఇంటి దగ్గర నెల లెక్క బాగా కుదురుతుంది. ఒకటో తారీఖున జీతం, అయిదున అద్దె, పదిన ఈఎంఐ. తిరిగేవాళ్లకు అలా ఉండదు. ఈ రోజు కట్టిన డబ్బు ఎప్పుడో ఉండబోయే ఇంటిది కావచ్చు. మీ మొదటి నెల 4,100లో లిస్బన్‌లో నిజంగా ఖర్చయింది 2,400 మాత్రమే. మిగతాదాంట్లో 630 మొత్తం 210 రోజుల ప్రయాణ బీమా, 1,070 స్పెయిన్ గదుల అడ్వాన్సు. ఆ అడ్వాన్సు ముందే కట్టేశారు కాబట్టే రెండో నెల 2,050 అని చవగ్గా కనిపించింది. మూడో నెలలో ఇంకా అడుగుపెట్టని అల్బేనియా ఇంటి అద్దె 1,200 యూరోలు ఉంది. అందుకే మీకు ఒక నెల భయం, ఒక నెల ధైర్యం.

నెలను వదిలేసి మజిలీని పట్టుకోండి. ఒక ఊళ్లో దిగిన దగ్గర్నుంచి బయల్దేరేదాకా ఒక మజిలీ. అక్కడి బస, తిండి, ఆ ఊరికి చేరడానికి పెట్టిన టికెట్టు, మిగతావన్నీ, డబ్బు ఎప్పుడు కట్టినా సరే, ఆ మజిలీ కిందే రాయండి. మొత్తాన్ని రాత్రులతో భాగించండి. మీ లెక్క ఇలా తేలింది: లిస్బన్ 2,400, రాత్రికి 80. స్పెయిన్ 2,800, రాత్రికి 140. బుడాపెస్ట్ 2,720, రాత్రికి 80. మూడూ కలిపి 84 రాత్రులకు 7,920. బీమాను 210 రోజుల మీద పరిస్తే రోజుకు 3 యూరోలు, ఈ 84 రోజుల వాటా 252. మొత్తం 8,172. రోజుకు 100 చొప్పున మీకున్న హద్దు 8,400.

ఇక మీరు చూడాల్సింది ఆ 140. స్పెయిన్ ఖరీదైన దేశం కాబట్టి అంతయిందనుకుంటే పొరపాటు. లిస్బన్‌లో అద్దె ఏమీ తక్కువ కాదు. స్పెయిన్‌లో మీరు నాలుగు రాత్రులకో ఊరు మారారు, డబ్బు అక్కడ పోయింది. అద్దె ఇళ్లకు శుభ్రం చేసే రుసుము రెండు రాత్రులున్నా ముప్ఫై రాత్రులున్నా సాధారణంగా ఒకటే. అది 50 యూరోలైతే నాలుగు రాత్రుల మకాంలో రాత్రికి పన్నెండున్నర, నెల మకాంలో రెండు కూడా కాదు. వారానికి, నెలకు చాలా ఇళ్ల యజమానులు ఇచ్చే తగ్గింపు చిన్న మకాంకు రాదు. లిస్బన్‌లో 40 యూరోల నెల పాస్‌తో మెట్రో, బస్సు, ట్రాము, శివారు రైళ్లు అన్నీ తిరిగారు. స్పెయిన్‌లో ప్రతి ఊళ్లోనూ విడి టికెట్లు. పదకొండుకు గది ఖాళీ చేసి, మూడింటికి కొత్త గది తెరిచేదాకా సామాను లాకర్‌లో పెట్టి రెండు పూటలూ హోటల్లో తిన్నారు. కొన్న నూనె, ఉప్పు, సగం వాడిన బియ్యం సంచీ ఆ ఊళ్లోనే వదిలేసి, తర్వాతి ఊళ్లో మళ్లీ కొన్నారు. మీ యాప్‌లో ఇవన్నీ తిండి, రవాణా, ఇతరాలు అని చెదిరిపోయి ఉన్నాయి కాబట్టి కంటికి ఆనలేదు.

స్పెయిన్‌లో గ్రానడా దాకా వెళ్లి అక్కడి అల్‌హంబ్రా కోట చూడకుండా ఉండమని నేను అనను. ఆ 20 రాత్రులకు హద్దు మీద 800 ఎక్కువైంది, మిగతా 64 రాత్రుల్లో 1,280 మిగిలింది. నిలకడగా ఉన్న రోజులే తిరిగిన రోజులను మోశాయి. ఇక ముందు కూడా వేగంగా తిరిగే ప్రతి వారానికి ముందో వెనకో రెండు మూడు వారాలు ఒకేచోట ఉండేలా చూసుకుంటే చాలు. లిస్బన్‌లో ఇద్దరూ రోజూ చెరొక నాటా (అక్కడి గుడ్డు కస్టర్డ్ తీపి) తిన్నా, ఒక్కోటి ఒకటిన్నర యూరో వేసుకున్నా, నెలకు 90 యూరోలు. స్పెయిన్‌లో రైళ్లు, బస్సులకే 420 అయింది. మీరు మానుకోవాల్సిన జాబితాలో ఆ నాటా లేనే లేదు. మీరు చిరుతిళ్లు మానేశారని చదివి నాకు బాధేసింది.

రాసే పద్ధతి తేలిగ్గా ఉంచండి. మజిలీకొక పేజీ, బస, తిండి, ప్రయాణం, మిగతావి అని నాలుగే గడులు. కార్డు మీద పోయింది స్టేట్‌మెంట్‌లో ఎలాగూ ఉంటుంది, ప్రతి కాఫీని యాప్‌లోకి ఎక్కించే పని మానేయండి. ఏటీఎంలో తీసిన నగదును తీసిన రోజే ఖర్చయినట్టు రాయండి. ఆదివారం రాత్రి ఇద్దరూ కూర్చుని పావుగంట చూసుకుంటే సరిపోతుంది. ఇద్దరూ అని ఎందుకంటున్నానంటే, మీ ఉత్తరమంతా ‘నేను రాస్తున్నా’ అనే ఉంది. ఈ బరువు ఒక్కరి మీదే ఉండకూడదు.

రూపాయి సంగతి వేరు. మీరు యూరో వంద అనుకున్నారు. అది ఎప్పుడూ వంద దగ్గర ఉండదు. ఈ మూడు నెలల్లో కట్టినవన్నీ పోగా చేతిలో మిగిలిన 11.25 లక్షలకు వంద దగ్గర 11,250 యూరోలు వస్తే, 105 దగ్గర 10,714 వస్తాయి. తేడా అయిదు రోజుల ఖర్చు. కాబట్టి గూగుల్‌లో కనిపించే రేటు కాదు, మీ స్టేట్‌మెంట్‌లో పడిన రూపాయలే రాయండి. మామూలు క్రెడిట్ కార్డు మీద 3.5 శాతం ఫారెక్స్ మార్కప్ (విదేశీ కరెన్సీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు రుసుము), దాని మీద 18 శాతం జీఎస్‌టీ పడితే వెయ్యి యూరోలకు 41 యూరోలు పోతాయి. మార్కప్ లేని కార్డులూ ఉన్నాయి, అద్దెలాంటి పెద్ద మొత్తాలకు అవి వాడండి. ముందే యూరోలు నింపుకున్న ఫారెక్స్ కార్డుతో బుడాపెస్ట్‌లో హంగరీ కరెన్సీ ఫోరింట్లు కడితే చాలా కార్డులు కరెన్సీ మార్పిడి రుసుము మళ్లీ పట్టుకుంటాయి. దుకాణంలో మెషీన్ ‘రూపాయల్లో కడతారా, ఫోరింట్లలోనా’ అని అడిగితే ఎప్పుడూ స్థానిక కరెన్సీయే నొక్కండి. రూపాయలు నొక్కితే రేటు వాళ్లది, నష్టం మీది. అల్బేనియాలో లెక్ నడుస్తుంది, నగదు వాడకం ఎక్కువ, చాలా ఏటీఎంలు విదేశీ కార్డుకు తీసిన ప్రతిసారీ రుసుము వేస్తాయి. చిన్న మొత్తాలు పదిసార్లు తీసే కంటే వారానికి సరిపడా ఒకేసారి తీయడం మేలు.

ఫారెక్స్ కార్డును ఎవరి పాన్ మీద నింపుతున్నారో చూసుకోండి. ఇలాంటి ప్రయాణాలకు ఎల్‌ఆర్‌ఎస్ (విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వ్ బ్యాంకు పెట్టిన పథకం) కింద ఒక ఆర్థిక సంవత్సరంలో ఒక మనిషి పంపింది 10 లక్షలు దాటితే, దాటిన దాని మీద 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటారు. ఒకే ఏడాదిలో 21 లక్షలూ ఒక్కరి పేరు మీదే వెళ్తే 2.2 లక్షలు ఇరుక్కుపోతాయి. చెరిసగం చేస్తే ఒక్కొక్కరికి 10 వేలే. ఆ డబ్బు పోదు, రిటర్న్ వేసినప్పుడు పన్నులో సర్దుబాటు అవుతుంది లేదా తిరిగొస్తుంది. కానీ మీకు కావలసినప్పుడు చేతిలో ఉండదు. ఇప్పటి నిబంధన ప్రకారం విదేశంలో ఉండి క్రెడిట్ కార్డు మీద చేసే ఖర్చు ఈ లెక్కలోకి రాదు.

మిగిలిన 126 రాత్రులకు చేతిలో ఉన్న 11,250ని భాగిస్తే 89 వస్తుంది. అది చూసి మళ్లీ కంగారు పడతారేమోనని ముందే చెబుతున్నాను. అల్బేనియా అద్దె 1,200, మిగిలిన రోజుల బీమా 378 ముందే కట్టేశారు. అవి కలుపుకుంటే రోజుకు దాదాపు 102 ఉంది. దీంట్లోంచి 1,000 యూరోలు తీసి వేరే ఖాతాలో పెట్టి, అత్యవసరమైతే తప్ప ముట్టుకోకండి. అప్పుడు రోజుకు 94 మిగులుతుంది. మీ లిస్బన్, బుడాపెస్ట్ రోజులు చూస్తే అది హాయిగా సరిపోయే మొత్తం.

నన్ను నిజంగా కంగారు పెట్టింది ఇటలీ. షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి. ఆ వీసాతో ఏ 180 రోజుల్లో చూసినా అక్కడ 90 రోజులకు మించి ఉండకూడదు. పోర్చుగల్, స్పెయిన్, హంగరీ, ఇటలీ అన్నీ ఆ ఒక్క లెక్కలోవే, అల్బేనియా మాత్రం దానికి బయట. మీ 84 రాత్రులు ఆ లెక్కలో 85 రోజులు, ఎందుకంటే దిగిన రోజు, బయటపడిన రోజు రెండూ కలుస్తాయి. ఇంకా మిగిలింది 5 రోజులు. అల్బేనియా 40 రాత్రులు ముగిసేసరికి మీరు లిస్బన్‌లో దిగి 125 రోజులే అవుతుంది. అప్పుడు ఇటలీలో మూడు వారాలు కుదరదు. దిగిన రోజు నుంచి 180 రోజులు దాటాకే పాత రోజులు ఒక్కొక్కటిగా లెక్కలోంచి జారిపోతాయి, అప్పటికీ మీ వీసా చెల్లుబాటులో ఉండాలి, మళ్లీ ప్రవేశానికి వీలున్నదై ఉండాలి. 2025 అక్టోబరు 12 నుంచి సరిహద్దుల్లో రాకపోకలు కంప్యూటర్‌లో నమోదు చేయడం మొదలుపెట్టారు, పాస్‌పోర్టు ముద్రలు సరిగా కనబడలేదని దాటిపోయే వీలు లేదు. యూరోపియన్ కమిషన్ వెబ్‌సైట్‌లో ఈ రోజులు లెక్కగట్టే కాలిక్యులేటర్ ఉంది, మీ తేదీలు వేసి చూడండి. అల్బేనియాలోకి వెళ్లడానికి భారతీయులకు ఏ షరతులున్నాయో కూడా అక్కడి ప్రభుత్వ సైట్‌లో టికెట్ కొనక ముందే చూసుకోండి.

ఇటలీని ప్రయాణం చివరి నెలకు జరిపి, మధ్యలో షెంగెన్ బయటి దేశాల్లోనే ఇంకో రెండు నిలకడ మకాములు చూసుకోండి. ఖర్చుపరంగా కూడా మీకు కలిసొస్తుంది. ముందు మాత్రం ఆ ఇటలీ గదులను రుసుము లేకుండా రద్దు చేసుకునే గడువు ఏ తేదీన ముగుస్తుందో ఈ రాత్రే తెరిచి చూడండి.