కొండచిలువను అడవిలో వదిలేస్తే కేసు తప్పుతుందా?

ప్రశ్న: మూడేళ్ల కిందట మా అబ్బాయి ముచ్చటపడితే నలభై వేలకు బాల్ పైథాన్ పిల్లను కొన్నాం. విదేశీ పాము కాబట్టి ఏ చట్టమూ వర్తించదని అమ్మినవాడు చెప్పాడు. కాగితాలేవీ ఇవ్వలేదు. ఇప్పుడది తొమ్మిది అడుగులైంది. పోయిన వారం మేత వేస్తుంటే నా భార్య చేతిని చుట్టేసింది. ఇద్దరం పట్టుకుని తోకవైపు నుంచి విప్పితే గానీ వదల్లేదు. ఆమె పుట్టింటికి వెళ్లిపోయింది. డబ్బు వాపసు వస్తుందా? పామును అనంతగిరి అడవిలో వదిలేయమని మిత్రులు అంటున్నారు.
- ఒక పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: మీ కేసును తేల్చేది ఆ తొమ్మిది అడుగులే. బాల్ పైథాన్ సాధారణంగా నాలుగైదు అడుగులకు మించదు. మీ ఇంట్లో ఉన్నది మన కొండచిలువో, బర్మా కొండచిలువో అయి ఉండాలి. రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూల్ జీవులు, అంటే అత్యధిక రక్షణ ఉన్నవి. నేరం రుజువైతే మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25,000 జరిమానా. నిజంగా బాల్ పైథానే అయినా 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. కాగితం లేకుండా నలభై వేలు ఎలా ఇచ్చారండీ?

మూడేళ్లు గడిచాయి, కేసు పెట్టే గడువు దాటి కాలదోషం పట్టి ఉంటుందని ఆశపడకండి. మూడేళ్లకు మించిన శిక్ష పడే నేరాలకు ఆ గడువు వర్తించదు. పాము మీ దగ్గరుందని తేలితే, వన్యప్రాణి చట్టం 57వ సెక్షన్ కింద అది అక్రమం కాదని నిరూపించుకోవలసిన భారం మీదే. డబ్బు మాట మరిచిపోండి. చట్టం నిషేధించిన అమ్మకం చెల్లదు, దాని వాపసుకు కోర్టు సాయం చేయడం కష్టం.

అడవిలో మాత్రం వదలకండి! దొరికిపోతే, తెలిసే వదిలించుకున్నారని అదే మీకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది. మోసపోయానన్న మీ వాదనకు ఆధారమైన పామూ చేజారుతుంది. ఇంకొకరికి అమ్మితే అది మరో నేరం.

ముందు న్యాయవాదిని సంప్రదించి, అటవీ అధికారికి లిఖితపూర్వకంగా తెలియజేసి పామును అప్పగించండి. అసలు చేతికొచ్చిన 48 గంటల్లోనే తెలపాలని 39వ సెక్షన్ చెబుతోంది. ఆలస్యమైనా, అధికారులు సోదాకు రాకముందే మీరుగా వెళ్లడం బెయిలుకూ శిక్ష తగ్గింపుకూ పనికొస్తుంది. అమ్మినవాడితో జరిపిన చాటింగ్, చెల్లింపు వివరాలు చెరపకండి, ఆ ఫోను మార్చకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే ఎలక్ట్రానిక్ రికార్డులను ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అతనిపై మోసం ఫిర్యాదుకూ అవే ఆధారం.

అప్పగించేదాకా పెట్టెకు తాళం వేయండి. ఒంటరిగా ఎవరూ తెరవొద్దు. కొండచిలువ బిగింపు రక్తప్రసరణనే ఆపేస్తుంది, మెడకు చుట్టుకుంటే విప్పే వ్యవధి ఉండదు. అప్పగింత పంచనామాలో పాము జాతి, పొడవు, ఫొటో తప్పక నమోదు చేయించి ఒక నకలు తీసుకోండి.